రేగెన్స్‌బుర్గ్‌లో ఒక్క రోజు: నాన్నకి మెట్లు వద్దు, అమ్మకి మాంసం వద్దు. ఏం చూపించాలి?

మ్యూనిక్_మిర్చి:

అందరికీ నమస్తే. మేం మ్యూనిక్‌లో ఉంటాం. అమ్మానాన్న వచ్చి నెలన్నర అయింది, ఇంకో మూడు వారాల్లో వెళ్లిపోతారు. సెప్టెంబర్ ఆఖరి శుక్రవారం నాకు సెలవు దొరికింది. మా ఆయనకి ఆఫీసు ఉంది కాబట్టి మేం ముగ్గురమే రేగెన్స్‌బుర్గ్ వెళ్లి సాయంత్రానికి తిరిగి రావాలని ప్లాన్.

నాన్న ఇరిగేషన్‌లో ఇంజనీరుగా చేసి రిటైర్ అయ్యారు. చదునుగా ఉంటే మెల్లగా ఎంతైనా నడుస్తారు గానీ మెట్లు చూస్తే ఆయన మొహం మాడిపోతుంది. పోయిన నెల ఒక కొండమీది కోటకి తీసుకెళ్లి మూడు రోజులు మంచాన పడేశాను. "ఇంక కోటలొద్దే తల్లీ, ఏదైనా ఏటి ఒడ్డున కూర్చోబెట్టు చాలు" అన్నారు. అమ్మ గుడ్డు కూడా ముట్టదు.

నేను రాసుకున్నది ఇదీ: పొద్దున్న ఏడున్నరకి రైలు. దిగగానే థుర్న్ ఉండ్ టాక్సిస్ ప్యాలెస్. తర్వాత కేథడ్రల్, రోమన్ల గేటు, పాత టౌన్ హాలు, గోలియత్ బొమ్మ ఉన్న ఇల్లు, కెప్లర్ ఇల్లు, రాతి వంతెన, దాని పక్కన సాసేజ్‌ల కొట్టు, బవేరియా చరిత్ర మ్యూజియం, మధ్యాహ్నం పడవలో వాల్‌హల్లా, ఏడింటికి రిటర్న్ రైలు. మా ఆయన ఆ షీట్ చూసి "ఇది టూరా, జనాభా లెక్కలా?" అన్నాడు.

నాకు డాయిచ్‌లాండ్ టికెట్ (దేశమంతా లోకల్, రీజనల్ రైళ్లకి చెల్లే నెలవారీ టికెట్) ఉంది. వాళ్లిద్దరికీ ఏం తీసుకోవాలి? వాల్‌హల్లాకి మెట్లు ఎన్ని ఉంటాయి? అమ్మకి తినడానికి ఏమైనా దొరుకుతుందా? అక్కడ ఉన్నవాళ్లు ఎవరైనా చెప్పండి, ప్లీజ్.

బాటసారి_09:

నన్నడిగితే పస్సావ్ వెళ్లండి. మూడు నదులు కలిసేది అక్కడే. రేగెన్స్‌బుర్గ్‌లో ఉన్నది ఒక వంతెన, ఒక చర్చి, అంతే.

డోనావు_గట్టు:

బాటసారి గారూ, ఆ "ఒక వంతెన" కోసమే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను, క్షమించాలి.

మిర్చి గారూ, నేను మాస్టర్స్ చేసిన రెండేళ్లూ ఆ ఊళ్లోనే, వంతెనకి అవతలి ఒడ్డున ష్టాట్‌ఆమ్‌హోఫ్‌లో ఒక అటక గదిలో ఉన్నాను. యూనివర్సిటీ ఊరికి ఇంకో చివర. అంటే రోజూ రెండుసార్లు ఆ వంతెన దాటాను. కాబట్టి నాకు కాస్త పక్షపాతం ఉంది, ముందే చెబుతున్నా.

మొదట రైలు సంగతి. ఏడున్నర రైలు మర్చిపోండి. వాళ్లిద్దరికీ కలిపి ఒక బయర్న్ టికెట్ (బవేరియా అంతటా ఒక రోజు చెల్లేది) తీసుకుంటే సరిపోతుంది, కానీ సోమవారం నుంచి శుక్రవారం దాకా అది ఉదయం 9 తర్వాతే చెల్లుతుంది. శని, ఆదివారాల్లో ఈ గొడవ లేదు. నేను వచ్చిన మొదటి నెలలో ఒక మంగళవారం ఎనిమిదీ నలభైకి దర్జాగా ఎక్కి కూర్చున్నాను. టీసీ ఆవిడ టికెట్ చూసింది, గడియారం చూసింది, నన్ను చూసింది. 60 యూరోలు. "ఇంకో ఇరవై నిమిషాలేగా" అంటే నవ్వింది గానీ రసీదు చింపడం మానలేదు. టికెట్ మీద ఇద్దరి పేర్లూ రాయడం మర్చిపోకండి, అది లేకపోయినా తగువే. రీజనల్ రైళ్లే ఎక్కాలి, ఐసీఈ లాంటి హైస్పీడ్ రైళ్లు కుదరవు. గంటన్నర ప్రయాణం. తొమ్మిది దాటాక ఎక్కినా పదకొండు లోపు దిగిపోతారు.

ఇప్పుడు మీ షీట్. అందులోంచి ప్యాలెస్, మ్యూజియం, వాల్‌హల్లా కొట్టేయండి. వాల్‌హల్లా అంటే గ్రీకు గుడి ఆకారంలో 1842లో పూర్తయిన కట్టడం. ఊరికి పది కిలోమీటర్ల అవతల, దోనాస్టౌఫ్ దగ్గర కొండమీద ఉంటుంది. పడవ దిగిన చోటి నుంచి పైకి మెట్లు 358. మీ నాన్నగారు మళ్లీ మంచాన పడతారు.

స్టేషన్ నుంచి పాత ఊరికి పదిహేను నిమిషాల నడక, అంతా చదును. మోకాళ్లని సాయంత్రానికి దాచుకుందాం అనుకుంటే "ఎమిల్" అని చిన్న ఎలక్ట్రిక్ బస్సులు పాత ఊరి సందుల్లో తిరుగుతుంటాయి. అదే టికెట్ చెల్లుతుంది. నడిస్తే మాత్రం స్టేషన్ ఎదుటి పార్కులో గుండ్రటి చిన్న గుడిలాంటి కెప్లర్ స్మారకం కనిపిస్తుంది. గ్రహాల కక్ష్యలు లెక్కగట్టిన ఆ పెద్దమనిషి తనకి రావలసిన జీతం బకాయిలు అడుగుదామని 1630లో ఈ ఊరొచ్చాడు. వచ్చిన కొద్ది రోజులకే జబ్బుపడి నవంబర్ 15న పోయాడు. పాతిపెట్టిన శ్మశానం కూడా తర్వాత యుద్ధంలో ధ్వంసమైపోయింది, సమాధి ఎక్కడో ఎవరికీ తెలియదు. ఇది చూస్తే కెప్లర్ ఇల్లు వేరే చూడక్కర్లేదు, దారిలో తగిలితే సరే.

కేథడ్రల్ లోపలికి వెళ్లండి. టికెట్ లేదు. ఎండలోంచి వెళ్తే మొదటి రెండు నిమిషాలు ఏమీ కనపడదు, రంగు అద్దాల వల్ల లోపల అంత చీకటి. కళ్లు అలవాటు పడేదాకా అమ్మగారిని ఒక బెంచీ మీద కూర్చోబెట్టండి. తర్వాత నడిమధ్య స్తంభాల దగ్గర దేవదూత బొమ్మని వెతకండి. మేరీమాతకి కబురు చెప్పే గాబ్రియేల్, 1280 ప్రాంతంలో చెక్కినది. మొహమంతా నవ్వు. చర్చిల్లో దేవదూతలు గంభీరంగా ఉంటారు కదా, ఈయన మాత్రం ఇంటికి శుభవార్త మోసుకొచ్చిన చిన్నాన్నలా ఉంటాడు. మేరీ ఎదుటి స్తంభం దగ్గర చెయ్యెత్తి నిలబడి ఉంటుంది. పడమటి వాకిలికి అటూ ఇటూ చిన్న గూళ్లలో సైతానూ వాడి నాయనమ్మా కూర్చుని ఉంటారు. అమ్మగారికి అవి చూపించండి, నచ్చుతాయి.

బయటికొచ్చాక గోడ రాళ్లు గమనించండి. కొన్ని తెల్లటి సున్నపురాళ్లు, కొన్ని ఆకుపచ్చ ఛాయ ఉన్న ఇసుకరాళ్లు. పచ్చ రాయి చెక్కడానికి మెత్తన, అందుకే వానకీ పొగకీ ముందు అరిగేది కూడా అదే. ఎప్పుడు చూసినా ఎక్కడో ఒకచోట పరంజా ఉంటుంది. 13వ శతాబ్దంలో మొదలెట్టిన చర్చికి శిఖరాలు పూర్తయింది 1869లో. నేనున్న రెండేళ్లలో పరంజా లేని ఫోటో ఒక్కటి కూడా నాకు దొరకలేదు.

అక్కడి నుంచి రెండు అడుగులేస్తే రోమన్ల గేటు, పోర్టా ప్రేటోరియా. క్రీ.శ. 179లో మార్కస్ ఆరేలియస్ కాలంలో కట్టిన సైనిక శిబిరానికి ఉత్తరం వాకిలి. తర్వాతి భవనాల గోడల్లో కలిసిపోయి, 19వ శతాబ్దంలో మళ్లీ బయటపడింది. ఐదు నిమిషాలు చాలు.

పాత టౌన్ హాలు మాత్రం టైము చూసుకుని వెళ్లాల్సిన చోటు. లోపలికి గైడుతోనే పంపిస్తారు, ఇంగ్లీష్ టూర్ ఎప్పుడో ముందురోజే చూసి పెట్టుకోండి. 1663లో మొదలైన పవిత్ర రోమన్ సామ్రాజ్యపు సభ 1806 దాకా ఆగకుండా అక్కడే కూర్చుంది. 143 ఏళ్లు! జర్మన్‌లో పని వాయిదా వేయడాన్ని "పొడుగు బెంచీ మీదికి నెట్టడం" అంటారు, ఆ మాట ఇక్కడే పుట్టిందని గైడు ఒక బెంచీ చూపించి మరీ చెబుతారు. అయితే పైకి మెట్లు, మళ్లీ కింద చిత్రహింసల గదికి మెట్లు. నాన్నగారిని బయట చౌకులో కాఫీ ముందు కూర్చోబెట్టి మీరూ అమ్మగారూ వెళ్లి రండి.

ఇక మిగతా రోజంతా వంతెనకే ఇవ్వండి. నాన్నగారు ఇరిగేషన్ అన్నారు కదా, ఆ ఒక్క మాట చూసే నేనిదంతా రాస్తున్నాను. 1135లో మొదలుపెట్టి 1146కి పూర్తి చేశారు. మూడు వందల మీటర్ల పైన పొడవు, పదహారు ఆర్చీలు. 1135 వేసవిలో వానల్లేక డాన్యూబ్ బాగా తగ్గిపోయిందట, అదే అదనుగా పునాదులు వేశారు. మరీ లోతుకి వెళ్లలేకపోయారు కాబట్టి ఏరు స్తంభాల కింద కోయకుండా ఒక్కో స్తంభం చుట్టూ పడవ ఆకారంలో తిన్నెలు కట్టారు. ఓక్ దుంగలు దిగ్గొట్టి మధ్యలో రాళ్లు నింపడం. దాంతో నీళ్లకి దారి ఇరుకైపోయింది, ఇరుకైన కొద్దీ వేగం పెరిగింది. వంతెన మధ్యలో నిలబడి కిందికి వంగి చూడండి. ఎగువన నిమ్మళంగా వచ్చే నీళ్లు ఆర్చీ దాటగానే సుడులు తిరుగుతూ, తెల్లగా నురగ కక్కుతూ పోతాయి. ఆ వేగంతోనే ఒకప్పుడు మిల్లులు నడిపించారు. పడవవాళ్లకి మాత్రం ఆ చోటు ప్రాణగండం.

వంతెన మధ్యలో కాస్త ఎత్తుగా ఉంటుంది, మెట్లు లేవు. కార్లు, బస్సులు రావు. సైకిళ్లు వస్తాయి, అవి చూసుకోండి. ఎత్తైన చోట చిన్న గూడు మీద కూర్చుని, కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని కేథడ్రల్ వైపు చూసే రాతి కుర్రాడు ఉంటాడు, బ్రుక్‌మాండ్ల్. వంతెన మేస్త్రీ, కేథడ్రల్ మేస్త్రీ ఎవరు ముందు పూర్తి చేస్తారో పందెం కాశారని, వంతెనవాడు సైతాను సాయం తీసుకుని, బదులుగా ముందు దాటే మూడు ప్రాణాలు ఇస్తానన్నాడని కథ. పూర్తయ్యాక మనుషుల్ని కాకుండా ఒక పుంజునీ, ఒక పెట్టనీ, ఒక కుక్కనీ తోలాడట. ఇప్పుడున్న కేథడ్రల్ మొదలయ్యే నాటికి వంతెనకి నూరేళ్లు దాటాయి, పందెం ఎలా కాశారో మరి.

నాలుగు తర్వాత వంతెన దాటి, మధ్యలో లంక మీదికి దిగి గడ్డిలో కూర్చోండి. సాయంత్రం ఎండ పడమటి నుంచి వచ్చి కేథడ్రల్ ముఖం మీద పడుతుంది. దానికి మించి ఆ ఊళ్లో చూడాల్సింది నాకు తెలిసి లేదు.

న్యూరెంబర్గ్_నాని:

పై ఆయన వాల్‌హల్లాని మరీ తీసిపారేశారు. కారుంటే వెనకవైపు కొండమీదే పార్కింగ్ ఉంది. అక్కడి నుంచి కొద్ది నిమిషాలు నడిస్తే గుడి పక్కకి చేరతారు, ఆ 358 మెట్ల జోలికి వెళ్లే పనే లేదు. మా మామగారికి డెబ్బై ఆరు, హాయిగా వచ్చారు. లోపల జర్మన్ భాషా ప్రపంచంలోని పెద్దవాళ్ల పాలరాతి తలలు వరసగా ఉంటాయి. ఐన్‌స్టీన్‌ని 1990లో చేర్చారు, నాజీలకి ఎదురుతిరిగి ప్రాణం పోగొట్టుకున్న సోఫీ షోల్‌ని 2003లో. కవి హైన్‌రిహ్ హైనెకి చోటివ్వడానికి 2010 దాకా పట్టింది. ఎవర్ని ఎప్పుడు చేర్చారో చూస్తే ఆ దేశం ఎప్పుడెప్పుడు ఏమనుకుందో తెలుస్తుంది. పైనుంచి డాన్యూబ్ మైదానం మొత్తం కనిపిస్తుంది.

డోనావు_గట్టు:

నాని గారూ, కారుంటే మీ మాటే. వాళ్లు రైల్లో వస్తున్నారు, ఒక్క రోజే ఉంది. రెండూ చేస్తే రెండూ హడావుడే అవుతాయి. నేను ఇప్పటికీ వంతెనకే.

పప్పుచారు_ప్రియ:

తిండి గురించి ఎవరూ చెప్పలేదేంటి? ఆ వంతెన పక్క సాసేజ్ కొట్టు చిన్న ఇల్లు, చాలా పాతది. వరదలు ఎంత ఎత్తుకి వచ్చాయో గోడ మీద సంవత్సరాలతో గీతలు ఉంటాయి, అవి చూడండి. కానీ అక్కడ సాసేజ్‌లు పంది మాంసం. నాన్నగారు తింటారో లేదో ముందే అడగండి, తిన్నాక చెబితే బాగోదు. బొగ్గుల మీద కాల్చి, సవర్‌క్రౌట్ (పులియబెట్టిన క్యాబేజీ), తియ్యటి ఆవపిండి పెట్టి ఇస్తారు.

అమ్మగారికి: సవర్‌క్రౌట్ శాకాహారమే అనుకోకండి, చాలాచోట్ల అందులో పంది కొవ్వో బేకన్ ముక్కలో వేస్తారు. బవేరియా ఆలూ సలాడ్‌లో మాంసం ఉడకబెట్టిన నీళ్లు పోస్తారు, కంటికి కనిపించదు. "ఓనె ఫ్లైష్, ఓనె ష్పెక్, ఓనె బ్ర్యూఎ" (మాంసం లేకుండా, బేకన్ లేకుండా, మాంసం ఉడికిన నీళ్లు లేకుండా) అని మూడూ విడివిడిగా చెప్పండి. "వెజిటేరిష్" అని ఊరుకుంటే కొందరికి మాంసం ముక్క లేకపోతే చాలు. కేజె ష్పెట్స్లె (చీజ్ వేసిన నూడుల్స్ లాంటివి) బాగుంటుంది గానీ ఆ పిండిలో గుడ్డు ఉంటుంది, అమ్మగారికి కుదరదు. డంప్‌నూడెల్ అని ఆవిరి మీద ఉడికించే పెద్ద బన్ను, వెనీలా సాస్‌తో ఇస్తారు. వాటిలోనూ గుడ్డు వేస్తారు కొందరు, అడగాలి. బ్రెట్సెల్ (ముడివేసినట్టుండే రొట్టె), చీజ్ కూడా అడిగే తీసుకోండి, కొన్నిట్లో పంది కొవ్వో దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్టో ఉంటుంది; పళ్లు అయితే ఏ భయమూ లేదు. నేనైతే డబ్బాలో పెరుగన్నం పెట్టుకుని వెళ్తాను.

మ్యూనిక్_మిర్చి:

వెళ్లొచ్చాం! ఎవరైనా తర్వాత చదువుతారేమోనని రాస్తున్నా.

9.20 దాటాక రైలెక్కాం. టికెట్ మీద పేర్లు రాశాను. టీసీ వచ్చినప్పుడు నాన్న ముందే ఐడీ కూడా తీసి పెట్టుకున్నారు, ఆ 60 యూరోల కథ నేను చెప్పి ఉండకూడదు. ఎమిల్ బస్సులో పాత ఊళ్లో దిగాం. ఆ చిన్న బస్సు సందుల్లో మలుపు తిరుగుతుంటే పక్క గోడని చెయ్యి చాపి తాకొచ్చు అనిపించింది.

దేవదూతని అమ్మే ముందు కనిపెట్టింది. "వీడికి పళ్లు కనబడుతున్నాయే" అంది. సైతాను నాయనమ్మ దగ్గర నిలబడి ఫోటో తీయించుకుని ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది, ఎవరి పక్కన నిలబడిందో మాత్రం రాయలేదు.

టౌన్ హాలు టూర్‌కి మేమిద్దరమే వెళ్లాం. ఇంగ్లీష్‌లో గైడు చెప్పింది నేను అమ్మ చెవిలో తెలుగు చేశాను. కింద గది పేరు జర్మన్‌లో "ప్రశ్నలడిగే చోటు" అట. అమ్మ ఆ చెక్క నిచ్చెన, తాళ్లు, కప్పీ చూసి "ప్రశ్నలడగడానికి ఇన్ని సామాన్లా!" అని బయటికి నడిచింది. పొడుగు బెంచీ కథ ఆవిడకి బాగా నచ్చింది. ఇంటికొచ్చాక మా ఆయన గ్యాలరీ తుడవడం గురించి రెండుసార్లు వాడేసింది.

తిండి విషయంలో పప్పుచారు గారి మూడు "ఓనె"లు పనికొచ్చాయి. మొదటి చోట వెయిటర్ మూడోది వినగానే తల అడ్డంగా ఊపి, ఆలూ సలాడ్ వద్దు అని తనే చెప్పాడు. చివరికి బ్రెట్సెల్, చీజ్, ఇంటి నుంచి తెచ్చిన పెరుగన్నం. నాన్న సాసేజ్‌లు వద్దన్నారు గానీ ఆ వరద గీతల ముందు పావుగంట నిలబడ్డారు. ఒక్కో సంవత్సరం పైకి చదువుతూ తన నడుము దగ్గర, భుజం దగ్గర చెయ్యి పెట్టి కొలుచుకున్నారు.

ఇక వంతెన. డోనావు గారూ, మీరు గెలిచారు. నాలుగింటికి వెళ్లినవాళ్లం ఏడున్నర దాకా కదల్లేదు, అనుకున్న రైలు వదిలేసి తర్వాతది ఎక్కాం. నాన్న ఎగువ వైపు ఒకసారి, దిగువ వైపు ఒకసారి, మళ్లీ ఎగువ వైపు. సుడి తిరిగే చోట ఒక ఎండుటాకు పడింది. అది గిర్రున తిరిగి మునిగి, అవతల ఎక్కడో తేలేదాకా ఆయన మాట్లాడలేదు. తర్వాత గంటసేపు ఆగలేదు. తిన్నెలు కట్టి స్తంభాన్ని కాపాడారు గానీ నీటికి దారి మూసి వేగం పెంచుకున్నారు, ఆ వేగం మళ్లీ తిన్నెనే కోస్తుంది, కాబట్టి ప్రతి తరమూ బాగుచేస్తూ ఉండాల్సిందే అని గడ్డి మీద పుల్లతో గీసి చూపించారు. నాకు సగం అర్థమైంది. పక్కన గిటార్ వాయించుకుంటున్న కాలేజీ పిల్లల్లో ఒకడు వచ్చి ఆ గీతలు చూసి, ఇంగ్లీష్‌లో ఏదో అడిగి, ఆయన పక్కనే కూర్చుండిపోయాడు. సివిల్ చదువుతున్నాడట.

ఒక్కటే గొడవ. లంక మీద నుంచి నాన్న ఖానాలు (అదే, ఆర్చీలు) లెక్కపెట్టారు. ఒడ్డుకి వెళ్లి మళ్లీ లెక్కపెట్టారు. "నీ ఫోరం ఆయన పదహారు అన్నాడు, పదహారు లేవు" అంటున్నారు. నిన్న రాత్రి భోంచేసేటప్పుడు కూడా అదే. ఏం చెప్పను?

డోనావు_గట్టు:

నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. రెండేళ్లు రోజూ దాటి నేను ఒక్కసారి కూడా లెక్కపెట్టలేదు, పుస్తకంలో ఉన్నది రాసేశాను. ఆయన లెక్కే కరెక్టు. ఊరి వైపు ఒడ్డున వంతెన మొదట్లో పెద్ద కప్పు ఉన్న ఉప్పు గిడ్డంగి చూసే ఉంటారు. 1616 నుంచి 1620 దాకా దాన్ని కట్టినప్పుడు మొదటి ఆర్చీ, మొదటి స్తంభం అందులో కలిసిపోయాయి. ఆర్చీ ఇప్పటికీ అక్కడే, దారి కింద ఉంది, బయటికి కనబడదంతే.

మ్యూనిక్_మిర్చి:

చదివి వినిపించాను. "మరి నీళ్లు ఆ ఖానాలోంచి పోయే వాటా ఎటు మళ్లించారట?" అంటున్నారు. ఫోన్ ఆయనకే ఇచ్చేస్తున్నా, మీరూ మీరూ చూసుకోండి.